స్టీమ్ డెక్‌లో ఎస్‌ఎస్‌డీ మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చేతిలో పట్టుకుని కంప్యూటర్ గేములు ఆడుకునే యంత్రం స్టీమ్ డెక్. స్టీమ్ అనే గేముల దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ దాన్ని 2022 ఫిబ్రవరి చివర్లో విడుదల చేసింది. మన దేశంలో దాన్ని నేరుగా అమ్మకపోయినా, అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెల్లోనూ దిగుమతి సరుకు అమ్మే దుకాణాల ద్వారానూ అది ఇక్కడికి చేరుతూనే ఉంది. చాలామంది ధర చూసి తక్కువ స్టోరేజీ ఉన్న మోడల్ తెప్పించుకుంటారు. నాలుగు పెద్ద గేములు ఎక్కించేసరికి చోటు నిండిపోతుంది. అప్పుడు లోపల గేములు దాచే ఎస్‌ఎస్‌డీ అనే చిన్న కార్డును తీసి పెద్దది పెట్టుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత అందరికీ వచ్చే సందేహాలు దాదాపు ఒకటే కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

నాది 64 జీబీ మోడల్. ఎస్‌ఎస్‌డీ మార్చక తప్పదా, మెమరీ కార్డు చాలదా?

మీరు ఆడేవి చిన్న గేములైతే మంచి మైక్రో ఎస్‌డీ కార్డు చాలు. డబ్బూ శ్రమా మిగులుతాయి. డెక్‌లోని కార్డు స్లాట్ యూహెచ్‌ఎస్-1 రకానిది, సెకనుకు సుమారు 100 ఎంబీ వేగం వరకే ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఇంతకన్నా చాలా వేగమైనది. రెండు మూడు జీబీల గేములకు ఈ తేడా పట్టించుకోవలసినంత ఉండదు. ఒక్కొక్కటే 100 జీబీ దాటే గేముల దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. ముఖ్యంగా అప్‌డేట్ వచ్చినప్పుడు డౌన్‌లోడ్ పది నిమిషాల్లో ముగిసినా, దాన్ని కార్డు మీద సర్దడానికి అంతకు ఎన్నో రెట్ల సమయం పడుతుంది. నా అభిప్రాయం అడిగితే, 64 జీబీ మోడల్ ఉన్నవారు మార్చుకోవడం మంచిది. 512 జీబీ ఉన్నవారు ముందు కార్డుతో ప్రయత్నించి, అది చాలకపోతేనే మార్చే సంగతి ఆలోచించాలి.

ఇలా మార్చడానికి వాల్వ్ ఒప్పుకుంటుందా? వారంటీ పోతుందా?

ఎస్‌ఎస్‌డీ ప్రామాణికమైన ఎం.2 సాకెట్‌లోనే (ల్యాప్‌టాప్‌లలో ఉండే మామూలు రకం స్లాట్) ఉన్నా, వాడకందారు తానే మార్చుకోవడానికి ఉద్దేశించినది కాదని వాల్వ్ మొదటి నుంచీ చెబుతోంది. అదే సంస్థ 2021 అక్టోబరులో డెక్‌ను విప్పి చూపిస్తూ ఒక వీడియో విడుదల చేసింది. 2022 నుంచి మరమ్మతు సామాను అమ్మే ఐఫిక్సిట్ సంస్థ ద్వారా విడిభాగాలు కూడా అందుబాటులో ఉంచింది. అంటే ప్రోత్సహించదు గానీ దారి మూసెయ్యదు. విప్పేటప్పుడు మీ చేతిలో ఏదైనా విరిగితే వారంటీ దాన్ని భరించదు.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది. అధికారిక అమ్మకం లేదు కాబట్టి అధికారిక సర్వీసూ లేదు. వారంటీ మిగిలి ఉన్నా పరికరాన్ని విదేశానికి పంపాల్సిందే. కాబట్టి ఇక్కడ విప్పేవారు నష్టం వస్తే తామే భరించాలని ముందే అనుకోవాలి. కొన్న కొత్తలోనే విప్పకండి. కనీసం కొన్ని వారాలు ఆడి, స్క్రీన్, బటన్లు, జాయ్‌స్టిక్కులు అన్నీ బాగున్నాయని నమ్మకం కుదిరాక మొదలుపెట్టండి. తర్వాత ఏదైనా లోపం బయటపడితే అది ముందే ఉన్నదా, విప్పడం వల్ల వచ్చిందా అన్న అయోమయం ఉండదు.

నేను ఇంతవరకు ఏ పరికరాన్నీ విప్పలేదు. నా వల్ల అవుతుందా?

ఇందులో సోల్డరింగ్ లేదు. స్క్రూలు, ఒక మూత, ఒక లోహపు రేకు, ఒక బ్యాటరీ కనెక్టర్, చివరికి చిన్న కార్డులా ఉండే ఎస్‌ఎస్‌డీ, అంతే. కంగారు లేకుండా, మంచి వెలుతురులో, గంటసేపు ఎవరూ పిలవని సమయంలో కూర్చుంటే కొత్తవారికీ సాధ్యమే.

చేతులు వణుకుతాయనిపిస్తే ల్యాప్‌టాప్‌లు బాగుచేసే అనుభవజ్ఞుడి దగ్గరికి తీసుకెళ్లండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో ఇలాంటి పని రోజూ చేసేవారు ఉంటారు. అయితే స్టీమ్ డెక్‌ను వారు ఎక్కువగా చూసి ఉండకపోవచ్చు. అందుకే పని మొదలుపెట్టేముందు మీరే మూడు మాటలు చెప్పండి: మెమరీ కార్డు ముందే తీసేశాను, పాత ఎస్‌ఎస్‌డీకి ఉన్న లోహపు తొడుగును కొత్తదానికి వెయ్యాలి, బోర్డు మీద వేడిని బయటికి పంపే మెత్తటి థర్మల్ ప్యాడ్‌లు కనిపిస్తే వాటిని కదపకూడదు. ఎదురుగా కూర్చుని చూస్తానంటే మంచి మెకానిక్ ఎవరూ కాదనరు.

ఎల్‌సీడీ మోడల్‌కూ ఓఎల్‌ఈడీ మోడల్‌కూ పద్ధతి ఒకటేనా?

ఇవి స్క్రీన్ రకాన్ని బట్టి వచ్చిన పేర్లు. విప్పే వరుస దాదాపు ఒకటే. ముఖ్యమైన తేడా స్క్రూలలో ఉంది. 2022 నాటి ఎల్‌సీడీ మోడల్ వెనక మూతకు మామూలు ప్లస్ తల స్క్రూలు ఉంటాయి. అవి నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగుతాయి కాబట్టి పదే పదే విప్పితే మర అరిగిపోతుంది. 2023 నవంబరులో వచ్చిన ఓఎల్‌ఈడీ మోడల్‌కు నక్షత్రం తల ఉన్న టోర్క్స్ టీ6 స్క్రూలు పెట్టారు. అవి లోహపు మరలోకి దిగుతాయి. మళ్లీ మళ్లీ విప్పినా భయం లేదు. ఎస్‌ఎస్‌డీ సైజు రెండింటికీ ఒకటే, 2230.

## కొనేటప్పుడు

2230 అంటే ఏమిటి? దుకాణంలో ఎం.2 ఎస్‌ఎస్‌డీ అడిగితే 2280 చేతిలో పెడుతున్నారు.

అది కొలత. మొదటి రెండు అంకెలు వెడల్పు, మిగతావి పొడవు. 2230 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు. మామూలు ల్యాప్‌టాప్‌లలోనూ డెస్క్‌టాప్‌లలోనూ వాడేది 2280, అంటే 80 మిల్లీమీటర్ల పొడవు. అది డెక్‌లో పట్టనే పట్టదు. సైజుతోపాటు ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకమా కాదా అని కూడా తప్పనిసరిగా చూసుకోండి. సాటా అనే పాత రకం ఎం.2 కార్డులు పనిచేయవు. వైఫై కార్డులు కూడా 2230 సైజులో వస్తాయి. ఆన్‌లైన్‌లో సైజు ఒక్కటే చూసి ఆర్డర్ చేస్తే ఏది ఇంటికి వస్తుందో చెప్పలేం.

2242 సైజు తేలిగ్గా దొరుకుతోంది. కొంచెం సర్ది పెట్టుకోవచ్చా?

వద్దు. ఇది పట్టుబట్టి చెప్పవలసిన విషయం. 2022 జూన్‌లో కొందరు ఇలా 2242 బిగించి చూపించినప్పుడు, వాల్వ్ డిజైనర్ ఒకరు స్వయంగా స్పందించి దయచేసి చేయవద్దని కోరారు. పొడవైన కార్డుకు చోటు చెయ్యాలంటే ఛార్జింగ్‌ను నడిపే చిప్ దగ్గరి థర్మల్ ప్యాడ్‌లను జరపాలి. ఆ చిప్ బాగా వేడెక్కే రకం. పైగా 2242 కార్డులు చాలావరకు డెక్ తట్టుకునేదానికంటే ఎక్కువ విద్యుత్తు తీసుకుని ఎక్కువ వేడెక్కుతాయి. పెట్టిన రోజు పనిచేస్తుంది, ఆడుకుంటారు కూడా. కానీ పరికరం ఆయుష్షు బాగా తగ్గిపోతుంది.

ఏ కంపెనీ ఎస్‌ఎస్‌డీ తీసుకోవాలి?

డెక్‌లో విరివిగా వాడుతున్నవి కొన్ని ఉన్నాయి: వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్740, అదే సంస్థ ఎస్‌ఎన్770ఎం, మైక్రాన్ 2400, కోర్సైర్ ఎంపీ600 మినీ, సబ్రెంట్ రాకెట్ 2230. వీటిలో మీ దగ్గర అసలైనది, బిల్లుతో దొరికేది తీసుకోండి.

వేగం అంకెలు చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. ఎస్‌ఎస్‌డీని బోర్డుకు కలిపే పీసీఐఈ దారి డెక్‌లో మూడో తరం వేగానికే పరిమితం. నాలుగో తరం కార్డు పెట్టినా పనిచేస్తుంది గానీ మూడో తరం వేగంతోనే నడుస్తుంది. పెట్టె మీద సెకనుకు 5,000 ఎంబీ అని రాసి ఉన్నా మీకు ఒరిగేది ఏమీ లేదు. వేగానికి బదులు రెండు విషయాలు చూడండి. చిప్‌లు ఒకవైపే ఉండాలి, రెండు వైపులా ఉంటే కార్డు మందంగా ఉండి తొడుగులో ఇరుకవుతుంది. రెండోది విద్యుత్తు వాడకం. చేతిలో పట్టుకుని బ్యాటరీతో ఆడే యంత్రం కాబట్టి తక్కువ తీసుకునే కార్డే మేలు.

ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన వాడిన ఎస్‌ఎస్‌డీలు సగం ధరకే ఇస్తామంటున్నారు. కొనవచ్చా?

కొనవచ్చు, కానీ పరీక్షించకుండా కాదు. ల్యాప్‌టాప్ కంపెనీలకు సరఫరా అయ్యే 2230 కార్డులు పెట్టె లేకుండా విడిగా మార్కెట్‌లోకి వస్తుంటాయి. వాటిలో మంచివీ ఉంటాయి, లేబుల్ మార్చి అంటించినవీ ఉంటాయి. దుకాణంలోనే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె) పెట్టించి, ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యాన్ని చూపే ఏదైనా ఉచిత ప్రోగ్రామ్‌తో తెరిపించండి. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని టెరాబైట్లు రాసింది, ఎంత శాతం ఆయుష్షు మిగిలింది, లేబుల్ మీది మోడల్ పేరూ లోపల చూపే పేరూ ఒకటేనా అని చూడండి. చూపించడానికి వెనకాడే దుకాణంలో కొనకండి.

512 జీబీ, 1 టీబీ, 2 టీబీ. ఏది సరిపోతుంది?

చాలామందికి 1 టీబీ. ఒక్కసారే విప్పే పని కాబట్టి కొంచెం పెద్దది తీసుకోవడమే తెలివి. విండోస్ కూడా పక్కన పెట్టుకోవాలనుకుంటేనో, పెద్ద గేములు డజను ఒకేసారి ఉండాలనుకుంటేనో 2 టీబీ.

ఏయే పనిముట్లు కావాలి?

ఎల్‌సీడీ మోడల్‌కు 0, 1 సైజుల చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్లు. ఓఎల్‌ఈడీకి వాటితోపాటు టోర్క్స్ టీ6. మూత తెరవడానికి పలుచని ప్లాస్టిక్ ముక్క, గిటారు వాయించే పిక్ అయినా సరే. కత్తి, మైనస్ స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు, అంచు మీద గాటు పడుతుంది. ఒక ట్వీజర్. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్, దాన్ని డెక్‌కు కలపడానికి టైప్-సీ హబ్ లేదా ఓటీజీ అడాప్టర్. స్క్రూడ్రైవర్ దగ్గర పొదుపు చేయకండి. మొన అరిగిన చవక స్క్రూడ్రైవర్ స్క్రూ తలను గుల్ల చేస్తుంది. తల పోయిన స్క్రూను ప్లాస్టిక్‌లోంచి తియ్యడం ఎస్‌ఎస్‌డీ మార్చడం కన్నా కష్టం.

## విప్పే ముందు

నా గేముల సేవ్‌లు పోతాయా?

సేవ్ అంటే మీరు గేములో ఎంతవరకు వచ్చారో దాచే ఫైలు. దాన్ని ఇంటర్నెట్‌లో మీ ఖాతాలో దాచే స్టీమ్ క్లౌడ్ ఉన్న గేములవి పోవు. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి అదే ఖాతాతో లాగిన్ అయితే దిగుతాయి. పాత ఎస్‌ఎస్‌డీ తీసేముందు వైఫై కలిపి, ప్రతి గేము పేజీలోనూ క్లౌడ్ గుర్తు పక్కన అంతా సరిగా ఎక్కినట్టు ఉందో లేదో చూసుకోండి.

ప్రమాదం మిగతావాటితోనే. అన్ని గేములకూ క్లౌడ్ ఉండదు. స్టీమ్ బయటి నుంచి ఎక్కించుకున్న గేములు, ఎమ్యులేటర్ల (పాత గేమింగ్ యంత్రాల గేములను నడిపే ప్రోగ్రాములు) సేవ్‌లు, మీరు తీసిన స్క్రీన్‌షాట్లు, గేములకు చేర్చుకున్న మార్పులు (మాడ్‌లు) డెక్‌లోనే ఉంటాయి. డెస్క్‌టాప్ మోడ్‌లోకి వెళ్లి వాటిని పెన్‌డ్రైవ్‌కో కార్డుకో కాపీ చేసుకోండి. వందల గంటలు ఆడిన గేమైతే క్లౌడ్ ఉన్నా ఒక కాపీ విడిగా పెట్టుకోవడం మంచిది.

మెమరీ కార్డు స్లాట్‌లోనే ఉంటే ఏమవుతుంది?

రెండుగా విరుగుతుంది. స్టీమ్ డెక్ విప్పేవారికి ఎక్కువగా జరిగే నష్టం ఇదే. స్లాట్ లోపలి బోర్డు మీద ఉంటుంది. కార్డు చివర మాత్రం వెనక మూతలోని సందులోంచి కొద్దిగా బయటికి వస్తుంది. మూతను పైకి లేపగానే ఆ సందు అంచు కార్డును లాగి, మధ్యలో ఫట్ మనిపిస్తుంది. ఒక సగం స్లాట్‌లో, ఒక సగం మూతలో. కార్డులోని గేములు మళ్లీ రావు, స్లాట్ కూడా దెబ్బతినవచ్చు.

స్క్రూడ్రైవర్ పట్టుకునేముందే కార్డు తీసి వేరే గదిలో పెట్టండి. పని ముగించి మూత పూర్తిగా బిగించాకే మళ్లీ పెట్టండి. మూత సరిగా రాలేదని మధ్యలో మళ్లీ తెరిచేవారు కూడా ముందు కార్డు ఉందో లేదో చూడాలి.

బ్యాటరీ స్టోరేజ్ మోడ్ అంటే ఏమిటి? ఎలా పెట్టాలి?

బ్యాటరీ నుంచి బోర్డుకు విద్యుత్తు పోకుండా సాఫ్ట్‌వేర్ ద్వారా ఆపే పద్ధతి ఇది. మామూలుగా ఆపేసిన డెక్ చిన్న తాకిడికే ఆన్ కావచ్చు. ఈ మోడ్‌లో పెడితే ఛార్జర్ తగిలించేదాకా లేవదు.

డెక్‌ను పూర్తిగా ఆపండి. వాల్యూమ్ పెంచే బటన్ పట్టుకుని పవర్ బటన్ నొక్కండి. చిన్న శబ్దం వచ్చాక వదిలెయ్యండి. వచ్చే తెరలో 'సెటప్ యుటిలిటీ'లోకి వెళ్లి, 'పవర్' విభాగంలో 'బ్యాటరీ స్టోరేజ్ మోడ్' ఎంచుకుని అవునని చెప్పండి. తెర ఆరిపోతుంది. అప్పటికి బ్యాటరీ ఛార్జి 25 శాతం కన్నా తక్కువ ఉంటే ఇంకా మంచిది. పనిముట్టు పొరపాటున బ్యాటరీకి గుచ్చుకున్నా నిండు బ్యాటరీ అంత ప్రమాదం ఉండదు.

స్టాటిక్ విద్యుత్తు గురించి నిజంగా భయపడాలా?

భయపడనక్కర్లేదు, జాగ్రత్త పడితే చాలు. కార్పెట్ మీద, పరుపు మీద కూర్చుని చేయకండి. పాలిస్టర్ బట్టలకంటే నూలు బట్టలు నయం. చలికాలంలో గాలి పొడిగా ఉన్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఎస్‌ఎస్‌డీని ముట్టుకునేముందు ఎర్తింగ్ ఉన్న లోహాన్ని ఒకసారి తాకండి. దాన్ని అంచులతో పట్టుకోండి, బంగారు రంగు పిన్నులను వేలితో ముట్టకండి.

## విప్పి మార్చేటప్పుడు

వెనక ఎనిమిది స్క్రూలు ఉన్నాయి. అన్నీ ఒకటేనా?

కావు. నాలుగు పొడవైనవి, నాలుగు పొట్టివి. పొడవైనదాన్ని పొట్టి చోట బలవంతంగా దింపితే ప్లాస్టిక్ ఉబ్బుతుంది, పగులుతుంది కూడా. కాగితం మీద డెక్ వెనకవైపు బొమ్మ గీసి, ఏ స్క్రూ తీస్తే దాన్ని బొమ్మలో అదే చోట టేపుతో అంటించండి. నిమిషం పట్టే పని ఇది, మూసేటప్పుడు వెతుకులాట ఉండదు. డెక్‌ను బోర్లా పెట్టేటప్పుడు కింద మెత్తటి గుడ్డ పరవండి, లేదా దాని పెట్టెలోనే బోర్లా పెట్టండి. స్టిక్కుల మీద బరువు పడకూడదు.

స్క్రూలన్నీ తీశాను, మూత మాత్రం రావడం లేదు. ఇంకా ఎక్కడైనా స్క్రూ ఉందా?

ఎనిమిదీ తీసి ఉంటే ఇంక లేదు. మూతను చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలు పట్టి ఉంచుతాయి. కుడిచేతి పట్టు దగ్గర రెండు భాగాలూ కలిసే సందులో ప్లాస్టిక్ పిక్ దూర్చి కొద్దిగా మెలితిప్పండి. ఒక కొక్కెం ఊడితే అక్కడి నుంచి పై అంచు వెంబడి పిక్ జరుపుతూ వెళ్లండి. టక్ టక్ మని గట్టిగానే చప్పుడు వస్తుంది, మొదటిసారి వినేవారికి ఏదో విరిగిందనే అనిపిస్తుంది. అది కొక్కేలు వదులుతున్న చప్పుడు మాత్రమే. చుట్టూ వదిలాక మూతను నిటారుగా పైకి ఎత్తండి. ఎక్కడైనా పట్టుకుంటే లాగకుండా ఆగి ఆ చోట మళ్లీ పిక్ పెట్టండి.

మూత తీశాను. ఎస్‌ఎస్‌డీ కనిపించడం లేదు, లోహపు రేకు ఒకటే ఉంది.

ఎస్‌ఎస్‌డీ దాని కిందే ఉంది. ఎల్‌సీడీ మోడల్‌లో ఆ రేకును మూడు స్క్రూలు పట్టి ఉంచుతాయి. రెండు కంటికి కనిపిస్తాయి. మూడోది వెండి రంగు అతుకు టేపు కింద దాగి ఉంటుంది. ఇది తెలియక రేకును వంచేసేవారు చాలామంది. టేపును ఒక మూల నుంచి ట్వీజర్‌తో నెమ్మదిగా లేపండి, మొత్తం పీకకండి, మళ్లీ అంటించాలి. మూడు స్క్రూలూ తీశాక రేకు దానంతటదే లేస్తుంది. అది అలంకారం కాదు. రేడియో తరంగాల అంతరాయాన్ని అడ్డుకుంటుంది, వేడిని పంచుతుంది. తిరిగి పెట్టకుండా మూత మూయకండి.

బ్యాటరీ స్టోరేజ్ మోడ్‌లో పెట్టాను కదా, బ్యాటరీ కనెక్టర్ కూడా తీయాలా?

తీయాలి. సాఫ్ట్‌వేర్ మోడ్ ఒక రక్షణ, కనెక్టర్ తీయడం రెండో రక్షణ. ఎస్‌ఎస్‌డీ స్క్రూ జారి బోర్డు మీద పడినా విద్యుత్తు లేని బోర్డుకు హాని ఉండదు. కనెక్టర్‌కు లాగడానికి చిన్న పట్టీ ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగండి. వైర్లను పట్టి లాగకూడదు, లోహపు పనిముట్టుతో ఎత్తకూడదు.

పాత ఎస్‌ఎస్‌డీ తీసి కొత్తది పెట్టడం ఎలా? దానికి తొడిగిన రేకు సంగతి ఏమిటి?

ఒకే ఒక్క స్క్రూ. అది తియ్యగానే ఎస్‌ఎస్‌డీ ఒక చివర స్ప్రింగులా పైకి లేచి వాలుగా నిలుస్తుంది. ఆ వాలులోనే మెల్లగా బయటికి లాగండి.

పాతదాని చుట్టూ ఉన్న పలుచని లోహపు తొడుగును జారుస్తూ తీసి, కొత్త ఎస్‌ఎస్‌డీకి అదే దిశలో తొడగండి. దీన్ని పాతదానితోపాటు పక్కన పడేసేవారు ఉన్నారు. పడెయ్యకండి, స్టాటిక్ నుంచీ అంతరాయాల నుంచీ కాపాడేది అదే. తొడిగాక కొత్తదాన్ని అదే వాలులో సాకెట్‌లోకి నెట్టండి. పిన్నుల బంగారు రంగు దాదాపు కనిపించకుండా పోవాలి. ఇంకా ఎక్కువగా కనిపిస్తోందంటే పూర్తిగా దిగలేదు. తర్వాత వేలితో కిందికి నొక్కి పట్టి స్క్రూ బిగించండి. గట్టిగా తిప్పనక్కర్లేదు, ఆగిన చోట ఆపండి.

ఎలాగూ విప్పాం కదా, ఫ్యాన్ శుభ్రం చేసి థర్మల్ పేస్ట్ కూడా మార్చమంటారా?

ఫ్యాన్ మీద దుమ్ము కనిపిస్తే మెత్తటి పొడి బ్రష్‌తో తుడవండి. గాలి కొట్టేటట్టయితే రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. థర్మల్ పేస్ట్ జోలికి వెళ్లకండి, వేడి సమస్య ఏమీ లేని యంత్రంలో దాన్ని కదిపితే మేలు కంటే కీడే ఎక్కువ. స్టిక్కులు మార్చాలనుకుంటే దాన్ని మరో రోజుకు పెట్టుకోండి. ఒకేసారి రెండు మార్చి ఏదైనా పనిచేయకపోతే తప్పు ఎక్కడుందో తేల్చడం కష్టం.

మూత మూసేటప్పుడు ఏం చూసుకోవాలి?

బ్యాటరీ కనెక్టర్ గట్టిగా కూర్చుందా, రేకు పెట్టారా, దాని స్క్రూలు బిగించారా, టేపు అంటించారా చూడండి. మూతను సరిగ్గా పైన ఉంచి చుట్టూ అంచులు నొక్కుతూ రండి, కొక్కేలన్నీ పట్టాలి. స్క్రూలు పెట్టకముందే పై ట్రిగ్గర్లనూ వెనకనున్న నాలుగు బటన్లనూ నొక్కి చూడండి. ఏదైనా బిగుసుకుపోతే మూత వాలుగా కూర్చుందన్నమాట.

ఎల్‌సీడీ మోడల్‌లో ప్లాస్టిక్ మరను కాపాడుకోవడానికి ఒక చిట్కా ఉంది. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు ఎడమవైపుకు, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్కుమని కొద్దిగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడ పాత మర మొదలవుతుంది. అప్పుడు కుడివైపుకు తిప్పితే స్క్రూ పాత దారిలోనే దిగుతుంది, కొత్త దారి కోసుకోదు. ఎనిమిది స్క్రూలకూ ఇలాగే చేయండి.

## సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు

కొత్త ఎస్‌ఎస్‌డీ ఖాళీగా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఎలా ఎక్కించాలి?

డెక్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు స్టీమ్‌ఓఎస్. దాన్ని మళ్లీ ఎక్కించుకునే ఫైలును, అంటే రికవరీ ఇమేజ్‌ను, వాల్వ్ తన సహాయ పేజీలో ఉచితంగా ఇస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో దించుకుని, విండోస్ అయితే రూఫస్ ప్రోగ్రామ్‌తో, మాక్ లేదా లినక్స్ అయితే బలేనా ఎచర్ ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. ఫైలును మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు.

పెన్‌డ్రైవ్‌ను డెక్‌కు తగిలించండి. డెక్ ఆగి ఉండగా వాల్యూమ్ తగ్గించే బటన్ పట్టుకుని పవర్ నొక్కండి. శబ్దం వచ్చాక వదిలితే దేని నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ జాబితా వస్తుంది. యూఎస్‌బీని ఎంచుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి లేవడానికి చాలాసేపు పడుతుంది, నల్లటి తెర చూసి ఆపెయ్యకండి. డెస్క్‌టాప్ వచ్చాక అందులోని చిహ్నాలలో మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించేదాన్ని ఎంచుకోండి. ముగిశాక మళ్లీ మొదలై, కొత్తగా కొన్న డెక్ లాగే భాష, వైఫై, ఖాతా అడుగుతుంది. హబ్‌కు ఛార్జర్ పెట్టే చోటు ఉంటే పని జరిగినంతసేపూ ఛార్జర్ తగిలించే ఉంచండి.

నాకు కంప్యూటర్ లేదు, డెక్ ఒక్కటే ఉంది. రికవరీ పెన్‌డ్రైవ్ ఎలా చేసుకోవాలి?

విప్పకముందే డెక్‌లోనే చేసుకోండి. డెక్ డెస్క్‌టాప్ మోడ్ పూర్తిస్థాయి లినక్స్ కంప్యూటరే. బ్రౌజర్‌లో రికవరీ ఇమేజ్ దించుకుని, కుదించిన ఫైలును విప్పి, 'డిస్కవర్' యాప్ స్టోర్‌లో దొరికే ఇమేజ్ రాసే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. పాత ఎస్‌ఎస్‌డీ లోపల ఉండగానే ఆ పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి చూడండి. డెస్క్‌టాప్ కనిపిస్తే చాలు, ఏదీ తుడవకుండా ఆపెయ్యండి. పెన్‌డ్రైవ్ బాగుందని తెలిసిపోతుంది కాబట్టి తర్వాత ఏదైనా చిక్కు వచ్చినా దాన్ని అనుమానించనక్కర్లేదు.

అన్నీ మళ్లీ దించుకోకుండా పాత ఎస్‌ఎస్‌డీని ఉన్నది ఉన్నట్టు కాపీ చేయలేమా?

చేయవచ్చు. 2230 పట్టే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి డెక్‌కు కలపండి. రికవరీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, లినక్స్ 'డీడీ' ఆదేశంతో పాతదాన్ని మొత్తం కొత్తదానిలోకి రాయండి. తర్వాత కేడీఈ పార్టిషన్ మేనేజర్‌లో చివరి భాగాన్ని, అంటే హోమ్ పార్టిషన్‌ను, మిగిలిన చోటంతా నిండేలా పెంచండి. అది మరిచిపోతే 1 టీబీ పెట్టినా పాత పరిమాణమే కనిపిస్తుంది.

ఈ ఆదేశంలో ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు నిండు డిస్కు మీద పడి అంతా తుడిచిపెట్టుకుపోతుంది. వెనక్కి తెచ్చే దారి ఉండదు. లినక్స్ ఆదేశాలు అలవాటు లేనివారు కొత్తగా ఎక్కించుకోవడమే మంచిది. 64 జీబీ మోడల్‌వారికి కాపీ చేయడం వల్ల మిగిలే సమయం కూడా పెద్దగా ఉండదు.

స్టీమ్‌ఓఎస్ పక్కనే విండోస్ కూడా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, డెక్ కోసం విండోస్ డ్రైవర్లను వాల్వే ఇస్తుంది. ముందు స్టీమ్‌ఓఎస్ ఒక్కదానితో కొన్ని రోజులు నడిపి, కొత్త ఎస్‌ఎస్‌డీ స్థిరంగా ఉందని చూశాక ఆ పని పెట్టుకోండి.

## మూసిన తర్వాత ఇబ్బంది వస్తే

పవర్ బటన్ ఎంత నొక్కినా ఆన్ కావడం లేదు. చెడిపోయిందా?

ఛార్జర్ తగిలించారా? బ్యాటరీ స్టోరేజ్ మోడ్‌లోకి వెళ్లిన డెక్ ఛార్జర్ పెట్టేదాకా లేవదు. ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. డెక్‌తో వచ్చిన 45 వాట్ల ఛార్జర్ పెట్టి కొన్ని నిమిషాలు ఆగి, పవర్ నొక్కండి. అమెరికా ప్లగ్ అయితే అడాప్టర్ వదులుగా ఉందేమో చూడండి. ఛార్జర్ తగిలించినా దీపం వెలగకపోతే, మెమరీ కార్డు బయటే ఉందని చూసుకుని మూత తెరిచి బ్యాటరీ కనెక్టర్ పూర్తిగా కూర్చుందో లేదో చూడండి.

ఆన్ అవుతోంది గానీ కొత్త ఎస్‌ఎస్‌డీని గుర్తించడం లేదు.

మొదట అనుమానించవలసింది సాకెట్‌లో సరిగా దిగకపోవడం. ముఖ్యంగా లోహపు తొడుగు పిన్నుల వైపుకు జారి అడ్డుపడితే ఇలా అవుతుంది. బ్యాటరీ స్టోరేజ్ మోడ్ పెట్టి, మెమరీ కార్డు తీసి, మూత తెరిచి కనెక్టర్ విడదీసి, ఎస్‌ఎస్‌డీని బయటికి తీసి తొడుగును వెనక్కి జరిపి మళ్లీ పెట్టండి. అప్పటికీ కనిపించకపోతే పాత ఎస్‌ఎస్‌డీ పెట్టి చూడండి. పాతది పనిచేస్తే మీ డెక్ బాగుంది, కొత్త ఎస్‌ఎస్‌డీలోనే లోపం ఉంది. దాన్ని వాపసు ఇవ్వండి.

మెమరీ కార్డులో ఉన్న గేములు మళ్లీ దించుకోవాలా?

అక్కర్లేదు. కార్డును ఫార్మాట్ చేయమని అడిగితే ఒప్పుకోకండి. స్టీమ్ ఖాతాలోకి లాగిన్ అయి, అప్‌డేట్‌లు ముగిశాక కార్డు పెడితే అందులోని గేములు లైబ్రరీలో ఎక్కించినవిగానే కనిపిస్తాయి.

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టాక బ్యాటరీ త్వరగా అయిపోతోంది, కొంచెం వేడిగానూ ఉంది.

మొదటి ఒకటి రెండు రోజులు అది సహజం. గేములు వరసగా దిగుతూ ఉంటాయి, గేము బొమ్మలను గీసే చిన్న ప్రోగ్రాములు (షేడర్లు) సిద్ధమవుతూ ఉంటాయి, యంత్రం నిరంతరం పని చేస్తూనే ఉంటుంది. అన్నీ దిగాక కూడా అలాగే ఉంటే, ముందు ఆడిన గేమునే అదే బ్రైట్‌నెస్‌తో ఆడి పోల్చండి. నిద్రలో పెట్టినప్పుడు రాత్రికి రాత్రే ఛార్జి బాగా పడిపోతుంటే, కొత్త ఎస్‌ఎస్‌డీ పని లేనప్పుడు కూడా ఎక్కువ విద్యుత్తు తీసుకునే రకమై ఉండవచ్చు. వాపసు గడువు ఉండగానే మార్చుకోండి. వేడి మాత్రమే ఎక్కువగా ఉంటే, లోహపు రేకు మూడు స్క్రూలతో సరిగా బిగిసిందో లేదో చూడండి.

తీసిన పాత ఎస్‌ఎస్‌డీని ఏం చేయాలి?

కనీసం నెల రోజులు దేన్నీ తుడవకుండా దాచండి. ఏదో ఒక గేము సేవ్ కాపీ చేయడం మరిచిపోయామని తర్వాత గుర్తుకొస్తుంది. అప్పుడు అది పనికొస్తుంది. 256, 512 జీబీ ఎన్‌వీఎంఈ కార్డులైతే 2230 ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేగమైన పెన్‌డ్రైవ్‌లా వాడుకోవచ్చు. 64 జీబీ మోడల్‌లోనిది చూడటానికి అలాగే ఉన్నా అసలు ఎస్‌ఎస్‌డీ కాదు, ఈఎంఎంసీ అనే నెమ్మదైన, చవక రకం స్టోరేజీ. ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్లు దాన్ని గుర్తించవు కాబట్టి దానికోసం ఎన్‌క్లోజర్ కొనకండి. దాన్ని స్టాటిక్ నుంచి కాపాడే కవర్‌లో వేసి పేరు రాసి పెట్టుకోండి. రేపు డెక్‌ను అమ్మదలచినా, కొత్త ఎస్‌ఎస్‌డీ మొరాయించినా, వెంటనే పెట్టి నడపడానికి అది చేతిలో ఉంటుంది.